దేవకమ్మ ఫియట్టు

తిరుపతి రైల్వే స్టేషన్ ముందు మూటలు మోసీ మోసీ నా జుట్టు నెరిసింది. పక్కనే ట్యాక్సీ స్టాండు. ఏ బండి మొరాయించినా డ్రైవర్లు కేకేసేది మా కూలీలనే. అందుకే కార్ల గురించి నాకు తెలిసిందంతా భుజంతో తెలుసుకున్నదే. బ్యాటరీ దిగిన అంబాసిడర్‌ను కదిలించాలంటే ముందు నడుం విరగాలి. కదిలిందా, ఇక దాని బరువే దాన్ని లాక్కుపోతుంది. ఫియట్టు అట్లా కాదు. చెయ్యి వేయగానే కదులుతుంది, చెయ్యి తీయగానే నిలబడుతుంది. డాక్టరుగారి చిన్నకారు హెరాల్డుకు ఇద్దరం చాలు, బీడీ తాగుతూ తోసేవాళ్లం. ఏ కంపెనీ బండి మంచిది అని నన్నెవరైనా అడిగితే, తోయాల్సిన పని లేని రోజు అన్నీ మంచివే అంటాను.

స్టాండులో ఈ మాట చెల్లదు. అక్కడ అంబాసిడర్లదే రాజ్యం. వాటి మధ్య ఒక్కటే ఒక్క ఫియట్టు ఉండేది. మారుతీలు ఇంకా పుట్టని రోజులవి. ఆ ఫియట్టును మద్రాసు నుంచి పాతబండిగా కొని తెచ్చినవాడు సుబ్రమణ్యం. అతని అన్న వరదయ్యకు అదే స్టాండులో అంబాసిడర్ ఉంది. అన్నదమ్ములిద్దరూ టీ అంగడి దగ్గర తగులుకుంటే మాకు పని గుర్తుండేది కాదు.

"ఫియట్టంటే పట్నంలో సినిమాకు పొయ్యేదానికి రా. కొండకు కాదు. అంబాసిడర్ను సూడు, ఎంతమంది ఎక్కినా ఎందుకని అడగదు. ఎద్దు మాదిరి లాగతాది," అనేవాడు వరదయ్య.

"ఎద్దు మాదిరే తాగతాది గూడా. నాది చిలకన్నా. రెండు గింజలేస్తే కాళాస్తికి పోయొస్తాది."

"చిలకైతే ఇంట్లో పంజరంలో పెట్టుకో. రోడ్డు మీదికి ఎందుకు తెచ్చినావు?"

"తలుపేసి సూడు. టక్ అంటాది. నీ బండి తలుపు ఎయ్యాలంటే ఇద్దరు మనుసులు కావాల."

స్టాండు పెద్ద మునిరామయ్య మధ్యలో వచ్చి, "ఏ కంపినీ వాడు సేస్తే ఏముండాదప్పా, లోపల కూసున్నోడికి తెలివుండాల గానీ," అని ఇద్దరినీ కలిపి తిట్టేవాడు.

ఆ వానాకాలంలో కామెర్లు వచ్చి సుబ్రమణ్యం పోయాడు.

అతని భార్య దేవకమ్మకు అలిపిరిలో పూల అంగడి. కొత్తగా కొన్న ప్రతి బండీ మొదట అక్కడికే వస్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, ముందుభాగానికి మాల కట్టించుకుని కొండకు పోతుంది. ఆ మాలలు కట్టేది దేవకమ్మ. ఆమె వేళ్లు పూలను తాకుతున్నాయో లేదో తెలిసేది కాదు, మాల మాత్రం పెరుగుతూ ఉండేది. మొగుడు పోయాక ఆమె తల్లో పూలు లేవు, చేతుల్లో మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అందుకు ముక్కు విరిచినవాళ్లు ఉన్నారు. ఆమె లెక్కపెట్టలేదు.

"బండి అమ్మేసేద్దాం మే. వచ్చిందాంతో ఇంకో అంబాసిడర్ తీసుకుంటా. నీకొక వాటా ఇస్తా. ఆడదానివి, నీకు ట్యాక్సీ ఏంటికి?" అన్నాడు వరదయ్య.

"ఆయన తెచ్చిన బండి బావా. నడిపేదానికి మా తమ్ముడు గోవిందు ఉండాడు. నీ బండిలో వాటా నాకొద్దు, నా బండి నాకు సాలు."

గోవిందు మంచి డ్రైవరే. కాళహస్తికీ, గూడూరుకీ ఫియట్టును వాచీలా నడిపేవాడు. వారమంతా కింది ఊళ్ల బాడుగలే. కొండకు పోయే బాడుగ శుక్రవారం మాత్రమే దొరికేది, జనం ఎక్కువ కాబట్టి. ఆ శుక్రవారాల్లోనే బండి సగం కొండలో ఇంజను ఉడికిపోయి నిలబడేది. యాత్రికులు దిగి తిట్టుకుంటూ వేరే బండ్లు వెతుక్కునేవారు. రెండు మూడుసార్లు ఇట్లా జరిగేసరికి స్టాండులో తీర్పు చెప్పేశారు. కంపెనీయే సరిగా చేయలేదని కొందరు, చిన్న ఇంజను కొండెక్కలేదని కొందరు అన్నారు. ముండమోసినదాని బండిలో శుక్రవారం కొండకు పోతారా అని ఇంకొందరు గొణిగారు. ఆ చివరి మాట దేవకమ్మ చెవిన పడింది.

మరునాడు ఆమె స్టాండుకు వచ్చింది. ఆడవాళ్లు అక్కడికి వచ్చి నిలబడడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"బావా, నా ముందర సెప్పు. బండి సెడ్డదా, నేను సెడ్డదాన్నా?"

వరదయ్య టీ గ్లాసు దించాడు. "నిన్నెవరన్నారు మే? బండినే అన్నా. అది కొండెక్కదు."

"ఎక్కతాది. శుక్రవారం పొద్దున అలిపిరిలో నీ బండీ నా బండీ నిలబెడదాం. రెండింట్లో అయిదుగురు అయిదుగురు. మునిరామయ్య మామ సాక్షి. నాది దోవలో ఉడికితే బండి బీగంచెవి నీ సేతిలో పెడతా. ఉడకకపోతే, ఇంక సచ్చేదాకా నా బండి ఊసు ఎత్తకూడదు."

"అక్కా..." అని గోవిందు నసిగాడు.

"నువ్వు గమ్మునుండు. నీకు నడపడం వచ్చా రాదా? అంతే సూడు."

నన్ను బరువు కోసం పిలిచారు. నిజంగానే. "ఆదిమూలమన్నా, నువ్వు దిట్టంగా ఉంటావు, వెనక సీట్లో కూసో," అంది దేవకమ్మ. నాతోపాటు ఇంకో ఇద్దరు కూలీలు. రోజూ మూటలు మోసే మేము ఆ రోజు మూటలమై కూర్చున్నాం.

శుక్రవారం పొద్దునే లేచి ఆమె మాల కట్టింది. మిగతా డ్రైవర్లు అద్దానికి ఒక మూర మల్లెపూలు, కింద ఒక నిమ్మకాయతో సరిపెట్టేవాళ్లు. దేవకమ్మది పూలకు కొదవ లేని ఇల్లు. మోకాటి లావు బంతిపూల మాల తెచ్చి, ఫియట్టు ముందుభాగానికి ఈ చివరి నుంచి ఆ చివరికి మూడు వరసలు చుట్టింది. దాని మీద మామిడాకులు. ముందున్న ఇనప జాలీ ఒక వేలెడు కూడా కనపడకుండా బండి పెళ్లికూతురులా తయారైంది. ప్రతి శుక్రవారమూ అట్లాగే కట్టేదట. మొగుడి బండి కదా, చేతికి తృప్తి ఉండేది కాదు.

"నీ మద్రాసు దొరసాని బాగుండాది మే. ఊరేగింపుకు పంపరాదా?" అన్నాడు వరదయ్య. ఆయన బండి అద్దానికి వేలాడే మల్లెదండ తప్ప ఇంకేమీ లేదు.

"కొండ మీద మాట్లాడుదువు గానీ రా బావా."

ముందు మేము, వెనక అంబాసిడర్. తమాషా చూడాలని వరదయ్య కావాలనే వెనక వచ్చాడు. మొదటి మలుపులు ఫియట్టు చక్కగా ఎక్కింది. గోవిందు గేరు మార్చితే కుదుపు తెలియలేదు. నేను కొంచెం కునుకు కూడా తీశాను. సగం దూరంలో ఏదో వాసన వచ్చింది. పెళ్లయిన మరునాడు పందిట్లో వచ్చే వాసన, పాడైన పూలది. ఆ వెంటనే ముందు నుంచి ఆవిరి లేచింది.

గోవిందు బండిని కొండవైపుకు ఆపి స్టీరింగు మీద తల వాల్చాడు. వెనక హారను రెండుసార్లు మోగింది.

వరదయ్య నవ్వుకుంటూ దిగాడు. "నేను ముందే సెప్పలా? కంపినీ అట్లాంటిది. బీగంచెవి ఇయ్యి మే."

దేవకమ్మ ఆయన వంక చూడలేదు. బండి ముందుకు పోయి నిలబడింది. బంతిపూలు ఆకుకూరలా ఉడికి వేలాడుతున్నాయి. ఆవిరి వాటి సందుల్లోంచి దోవ వెతుక్కుంటూ వస్తోంది. ఆమె చేయి చాచి మాలను పట్టుకుంది, కాలింది, వదల్లేదు. చాలాసేపు చూసి, "ఉడికింది బండి కాదు. నేనే దీని నోరు మూసినా," అంది.

మాలను ఒక్క గుంజు గుంజింది. దారం తెగలేదు. మళ్లీ గుంజింది. మామిడాకులు, ముద్దైన పూలు రోడ్డు మీద పడ్డాయి. అంబాసిడర్లో వచ్చిన వరదయ్య భార్య శకుంతలమ్మ నెత్తి కొట్టుకుంది. "అపచారం మే! సామి దగ్గరికి పొయ్యే మాల నడిదోవలో తెంపుతారా? అందులోనూ నువ్వు!"

"నేనయితే ఏమక్కా? కట్టింది నేనే, తెంపింది నేనే. సామికి మాల మెడలో ఏస్తారు. ముక్కు, నోరు మూసి ఎయ్యరు."

ఆ తర్వాత గోవిందు దగ్గర బీగంచెవి తీసుకుని వరదయ్య అరచేతిలో పెట్టింది. "మాట మాటే. ఉడికింది కాబట్టి ఇస్తా ఉండా. ఇంక ఒక్కటి అడగతా బావా. ఇట్లాంటి మాల మా అంగడిలో ఇంకోటి ఉండాది, తెప్పిస్తా. ఇట్లనే నీ అంబాసిడర్ మూతికి మూడు వరసలు కట్టు. అది పైదాకా ఎక్కితే రెండు బండ్లూ నువ్వే ఉంచుకో."

"నా బండికి ఎందుకు కడతా? పిచ్చా నాకు? ఇంజనుకు గాలి ఆడద్దా?"

అన్నాక ఆ మాట ఏమిటో ఆయనకే అర్థమైంది. ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టిందో, ప్రతి శుక్రవారం చూస్తూనే ఊరుకున్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. దేవకమ్మ కూడా అడగలేదు.

అంబాసిడర్లో వచ్చిన మునిరామయ్య నెమ్మదిగా దిగి వచ్చి వరదయ్య చేతిలోని బీగంచెవి తీసుకున్నాడు. "నీ నోటితోనే సెప్పినావు గదరా. ఏ కంపినీది అయినా గాలి పీల్చాల్సిందే. పందెం బండికి గానీ పూలకు కాదు. ఈడ నుంచి మల్ల మొదలు," అని దాన్ని గోవిందుకు ఇచ్చాడు. అంతటితో ఆగలేదు. "నేను దీంట్లోనే వస్తా. జరగండి."

"మామా, ఇప్పటికే అయిదుగురం ఉండాం," అన్నాడు గోవిందు.

"ఎక్కు మామా," అంది దేవకమ్మ. "ఆరుగురం పోదాం. అడిగేవోళ్లు అడగనీ."

వరదయ్య తన బండి ఎక్కి, దుమ్ము మా మొహాన కొట్టి ముందుకు పోయాడు. మేము ఇంజను చల్లారేదాకా గట్టు మీద కూర్చున్నాం. గోవిందు తడిగుడ్డతో రేడియేటరు మూత తీసి, డిక్కీలోని డబ్బా నీళ్లు పోశాడు. ఆ తర్వాత ఆరుగురం ఇరుక్కుని కూర్చున్నాం. మునిరామయ్య మోచేయి నా పక్కటెముకల్లో ఉంది. ప్రతి మలుపులోనూ దేవకమ్మ బండి ముందుకే చూస్తూ ఉంది. పొగ రాలేదు. ఆవిరి రాలేదు. తిరుమల గోపురం కనబడినప్పుడు గోవిందు ఏడుస్తున్నాడని వెనక నుంచే తెలిసింది, భుజాలు కదులుతున్నాయి. ఆమె ఏడవలేదు.

పైన వరదయ్య తన అంబాసిడర్‌కు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఏమయినా నా బండే ముందొచ్చింది," అన్నాడు.

"మంచి బండే బావా, కాదని ఎవరన్నారు? పందెం ముందు వచ్చేదానికి కాదు. వచ్చేదానికి."

ఆయన మళ్లీ ఆ బండి ఊసెత్తలేదు. స్టాండులో మాత్రం కంపెనీల తగాదా ఆగలేదు, ఎట్లా ఆగుతుంది?

ఆ తర్వాత మారుతీలు వచ్చాయి. బొమ్మల్లాంటి ఆ బండ్లను తీసుకుని చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి షావుకార్లు అలిపిరికి వచ్చేవారు. ముందంతా మూసేలా పెద్ద మాల కట్టమని దబాయించేవారు. దేవకమ్మ పూలు చుట్టూ కట్టేది కానీ జాలీ మీదకు ఒక్క రేకు కూడా రానిచ్చేది కాదు.

"డబ్బులిస్తా ఉండాం గదమ్మా. సెప్పినట్టు కట్టవా?"

"కట్టను. మూతి మూయించుకోవాలంటే పక్కంగడికి పోప్పా."

చాలామంది పక్కంగడికే పోయేవారు. పోనీలే అని ఆమె ఇంకో మాల అందుకునేది. వెనకాల చింతచెట్టు నీడలో ఫియట్టు నిలబడి ఉండేది, మూతి మీద ఏమీ లేకుండా.