కండక్టరమ్మకు లెవెల్ వెతికిన నెల

మా ముత్తాత వెంకట రాఘవరావు గారు మూసీ దిక్కున పదకొండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత నర్సింగరావు గారు కచ్చేరీలో కూర్చుంటే తాసీల్దారు నిలబడి మాట్లాడేవాడని పెద్దవాళ్ళు చెప్పేవారు. మా నాయన గోపాలరావు గారి నాటికి ఊళ్ళు పోయి పేరు మిగిలింది. ఆ పేరుకు తగిన ఉద్యోగం దొరకలేదని ఆయన ఏ ఉద్యోగమూ చేయలేదు. నేను మాత్రం 2018 నాటికి నల్లగొండ క్లాక్ టవర్ వెనక సందులో, జిరాక్స్ షాపు పై అంతస్తులో గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. వీడియో గేములు ఆడించడం మా వంశంలో ఎవరూ చేసిన పని కాదు. చేస్తున్నప్పుడు సరిగ్గా చేయాలి కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలకుండా కూర్చుని చేశాను.

ఈ వ్యాపారం తెలియనివారికి కొంత చెప్పాలి. మా షాపులో పిల్లలు కంప్యూటర్ల మీద తుపాకుల ఆటలు ఆడుకుంటారు. వాళ్ళతో నాకు పని లేదు. నా పనంతా పెద్ద టీవీ దగ్గర. అందులో ఉండేది గెంతే ఆట. ఒక చిన్న మనిషి పరుగెత్తుతూ, గుంతలు దాటుతూ చివర ఉన్న జెండాను ముట్టుకోవాలి. అలాంటి ఒక్కో దారిని లెవెల్ అంటారు. కంపెనీ ఇచ్చే లెవెల్స్ కొన్నే. మిగతావి ఆ ఆట మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని తయారుచేసి నెట్‌లో పెడతారు. తయారుచేసినవాణ్ణి మేకర్ అంటారు. అలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి, వాటిలో చాలావరకు చెత్త. కొత్తగా వచ్చిన మనిషి వరుసగా నాలుగు చెత్త లెవెల్స్ ఆడితే లేచిపోతాడు, మళ్ళీ మెట్లెక్కడు. అందుకే మనిషికి తగిన లెవెల్ వెతికిపెట్టడమే ఈ వృత్తిలో అసలు విద్య.

వెతకడానికి ఆటలో రెండు సాధనాలు ఉన్నాయి. మొదటిది ట్యాగ్. అంటే పజిల్, స్పీడ్, మ్యూజిక్ అని మేకర్ తన లెవెల్‌కు తగిలించే చీటీ. రెండోది క్లియర్ రేట్. అంటే ఆడినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా వెళ్ళారో చెప్పే అంకె. రెండింటినీ నేను నమ్మలేదు. నాకు మా గడిలో, అంటే మా పాత దొరల ఇంట్లో, నేర్చిన పద్ధతి ఉంది. గడికి ఎవరొచ్చినా మా తాత ముందు అడిగేది రెండే మాటలు. ఏ ఊరు, ఎవరింటోళ్ళు. ఆ రెండు తెలిస్తే మనిషి సంగతి మొత్తం తెలిసినట్టేనని ఆయన నమ్మకం. నేనూ అవే అడిగేవాణ్ణి. మగ్గం నేసే ఇళ్ళవాళ్ళకు రంగు దిమ్మెలను వరసలుగా పేర్చే పజిల్ లెవెల్స్ ఇచ్చేవాణ్ణి. పాత గుళ్ళున్న పానగల్ వాళ్ళకు రాతి స్తంభాలున్న పాత కట్టడాల లెవెల్స్ పెట్టేవాణ్ణి. సాగర్ డ్యామ్ పక్కనున్న నందికొండ నుంచి వచ్చినవాళ్ళకు నీళ్ళలో ఈదే లెవెల్స్. నందికొండ కుర్రవాడొకడు ఆడి ఆడి, "సార్, మా నాయిన డ్యామ్ మీద పనిచేసిండు గని నాకు ఈత రాదు," అన్నాడు. అతనొక్కడే అన్నాడు. మిగతావాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను నచ్చడం అనుకున్నాను.

ఆ ఎండాకాలం ఒక బుధవారం మధ్యాహ్నం నలభై ఏళ్ళ ఆవిడ ఒకరు మెట్లెక్కి వచ్చింది. పేరు సువార్త. బస్సు కండక్టరు. బుధవారం ఆమెకు వారపు సెలవు.

"ఏ ఊరమ్మా?" అన్నాను.

చెప్పింది. ఆ పదకొండు ఊళ్ళలో ఒకటి.

"ఎవరింటోళ్ళు?"

"ఏసుదాసు మనుమరాలిని. మా తాత మీ గడిల కట్టెలు కొట్టిండట. మీకు ఎర్కనే ఉండాలె."

"ఎర్కే," అన్నాను. నాకు ఎరుక లేదు.

"అయితే జర మంచి లెవెల్ పెట్టుండ్రి అన్నా."

ఆ ఊరివాళ్ళు నన్ను దొరా అనకుండా అన్నా అనడం అదే మొదటిసారి. విననట్టు కంట్రోలర్ చేతికిచ్చాను.

కండక్టరు కదా అని రైలు లెవెల్ పెట్టాను. అందులో మన మనిషి కదిలే రైలుపెట్టెల మీద నిలబడి ముందుకు పోవాలి. తెర తనంతట తానే జరుగుతూ ఉంటుంది. దీన్ని ఆటో స్క్రోల్ అంటారు. ఆవిడ సగం దాకా ఆడి కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుంది.

"పొద్దంత బస్సుల నిలవడి నిలవడి కాళ్ళు గుంజుతున్నయి. ఈడ గూడ నిలవడుడేనా అన్నా?"

తరువాతి వారం ఆవిడ అసలు విషయం చెప్పింది. కొడుకు హాస్టల్‌కు వెళ్తూ ఫోనులో ఈ ఆట చూపించాడట. అది పట్టుకుంది. భర్త దానయ్య నార్కట్‌పల్లి హైవే మీద లారీ మెకానిక్. పెళ్ళాం ఈ వయసులో బొమ్మల ఆటలకు పోతోందంటే ఆయనకు తల కొట్టేసినట్టుంది.

"ఆయనకు మాటిచ్చిన అన్నా. ఈ నెల బుధవారాలు చూస్త. పోయినప్పటి కంటె మొఖం మంచిగ పెట్టుకొని ఇంటికి రాకపోతె ఈ సోకు బంద్. ఇగ బుధవారం గూడ మా ఆడబిడ్డ మిషన్ దగ్గర కూసొని చీరెలకు ఫాల్స్ కుట్టుడే."

"కుట్టుడు రాదని చెప్పరాదా?"

"ఎట్ల చెప్త? వస్తది. వారంల నాది అనేది గీ రెండు గంటలే. ఇయి గూడ పోతయ్."

ఇంటి మాట బయట చెప్పి మన మీద భారం వేసిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మా ఇంటి పద్ధతి కాదు. ఆ వారమంతా వెతికాను. చర్చికి వెళ్ళే కుటుంబం కాబట్టి ఒక మ్యూజిక్ లెవెల్ పట్టుకున్నాను. పరుగెత్తుతుంటే కాళ్ళకింద దిమ్మెలు మోగి క్రిస్మస్ పాట వస్తుంది. ఎవరో మేకర్ ఎంతో ఓపికగా చేశాడు. ఆవిడ పాట చివరిదాకా విన్నది.

"చర్చికి ఆదివారం పోత అన్నా. ఇయ్యాల బుధవారం."

ఆ తరువాతి వారం నా దగ్గరున్న అన్నిటికన్నా గొప్పది తీశాను. రాజభవనం లెవెల్. తివాచీలు, వరుస స్తంభాలు, కొలిచి కట్టినట్టున్న మెట్లు. వెనక నుంచి వచ్చి కొట్టే శత్రువు ఒక్కడూ లేడు. వచ్చినవాళ్ళకందరికీ నేను చూపించేది అదే. సువార్త ఆ భవనంలో చివరిదాకా నడిచి జెండా ముట్టుకుని, "మంచిగనే ఉన్నది," అన్నది. చుట్టాలింట్లో ఉప్పెక్కువైన కూర గురించి అనేమాట అది. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. ముఖం ఎప్పటిలాగే ఉంది.

చివరి బుధవారం వచ్చి కూర్చున్నప్పుడు నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఉత్తినే కంట్రోలర్ తుడుస్తున్నాను.

"అన్నా, మీకు నచ్చినయన్నీ చూసిన," అన్నది ఆవిడ. "మీకు నచ్చనిది ఏమన్న ఉంటె పెట్టుండ్రి."

ఉంది. ఒకటి ఉంది. ఆ మేకర్ ఏ దేశంవాడో తెలియదు. పేరు దగ్గర కప్ప బొమ్మ పెట్టుకున్నాడు. వాడి లెవెల్ మొదట్లోనే ఇటు పొమ్మని ఒక బాణం గుర్తు ఉంటుంది. అటు పోతే నేల విచ్చుకుంటుంది. పైకి గెంతితే కనపడని ఇటుక నెత్తికి తగులుతుంది. ఇలాంటివాటిని ట్రోల్ లెవెల్ అంటారు, అంటే ఆడేవాణ్ణి ఆటపట్టించడానికే కట్టింది. అంతకు ముందు ఏడాది నేను నలుగురి ముందు దాన్ని ఆడి, ప్రయాసపడి జెండా దాకా చేరితే జెండా కిందే నేల జారింది. కింద నాణేలతో పళ్ళికిలిస్తున్న ముఖం పేర్చి ఉంది. షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను లేచి ఆ మేకర్‌ను బ్లాక్ చేశాను. బ్లాక్ చేస్తే వాడి లెవెల్స్ మన మిషన్‌లో ఇక కనపడవు. మా తాత ఒకణ్ణి ఊరి నుంచి వెలి వేయాలంటే పదిమందిని పిలవాల్సి వచ్చేది. నాకు ఒక్క బటన్ సరిపోయింది.

"ఒకటున్నది," అన్నాను. "అది మర్యాదస్తులు ఆడేది కాదు."

"మర్యాదస్తులను పొద్దంత బస్సుల చూస్తనే ఉన్న. పెట్టుండ్రి."

కప్పవాడి వెలి ఎత్తేశాను. లెవెల్ తెరుచుకుంది. సువార్త కదల్లేదు. బాణం వంకే చూస్తోంది.

"గిది అబద్ధమాడుతాంది."

"ఎట్ల తెలిసింది?"

"బాణం మరీ పెద్దగున్నది. చేతుల పాస్ లేనోడే ఎక్కంగనే పాస్ పాస్ అని మొత్తుకుంటడు."

అని ఎడమవైపు నడిచింది. ఎడమవైపు కూడా నేల విచ్చుకుంది. బాణాన్ని నమ్మనివాళ్ళు కూడా వస్తారని కప్పవాడు ముందే అనుకుని ఉంచాడు.

ఆవిడ ఒక క్షణం ఖాళీ గుంతను చూసింది. తరువాత నవ్వింది. కింద జిరాక్స్ మిషన్ చప్పుడు ఆగిపోయేంత గట్టిగా నవ్వింది.

"వీడు పక్కా దొంగ," అన్నది మెచ్చుకోలుగా. "నా అసొంటోళ్ళు గూడ వస్తరని వీనికి ఎర్కే."

మళ్ళీ మొదలుపెట్టింది. ప్రతి అడుగుకూ ఆగి వాడితో మాట్లాడుతోంది. "గీడ ఏం పెట్టినవ్ రా? గీ నాణెం ఉత్తగనే ఇస్తవా నువ్వు?" కొన్నిచోట్ల వాణ్ణి పట్టుకుంది. కొన్నిచోట్ల వాడు ఆవిణ్ణి పట్టుకున్నాడు. పడ్డప్పుడే ఎక్కువ నవ్వుతోంది.

నాకు అర్థం కాక అడిగాను. "మోసం చేస్తున్నడు గదమ్మా. కోపం రాదా?"

"బస్సుల నన్ను మోసం చేస్తె నా నౌకరి మీదికొస్తది అన్నా. టికెట్ లేనోడు దొరికితె చెకింగోళ్ళు వాన్నడుగరు, నన్నడుగుతరు. దినమంత గదే ఫికర్. గీడ మోసపోతె నాదేం పోయింది?"

జెండా దగ్గరికి వచ్చింది. నా నోటి నుంచి నాకు తెలియకుండానే, "జెండా ముట్టకు," అని వచ్చింది.

"చెప్పకుండ్రి. నన్ను పడనియ్యుండ్రి."

పడింది. నాణేల ముఖం పళ్ళికిలించింది. సువార్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటుండగా తలుపు దగ్గర దానయ్య నిలబడి ఉన్నాడు. నెల ముగిసింది కదా, తీర్పు వినడానికి వచ్చినట్టున్నాడు. గోళ్ళలో గ్రీజు, చేతిలో బండి తాళం.

"ఏందే, ఏడుస్తున్నవా?"

"ఏడుస్తలేను. గిటు రా. గిది పట్టు."

"నాకెందుకే గవి?"

"ఒక్కపారి పట్టు. గా బాణం దిక్కు పో."

దానయ్య బాణం దిక్కు పోయాడు, పడ్డాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ బాణం దిక్కే పోయాడు. ఆయన నేరుగా పోయే మనిషి. గుర్తు పెట్టినవాడు తప్పు గుర్తు పెడతాడని ఆయనకు తోచదు.

"బాణం గిటే అంటాంది గదనే," అన్నాడు, ఇంకోసారి పడి.

"అంటె పోతవా?"

"మరి ఎందుకు పెట్టిండు?"

సువార్త కుర్చీ పట్టుకుని నవ్వుతోంది. దానయ్యకు పట్టుదల వచ్చింది. నిలబడ్డవాడు కూర్చున్నాడు. కొంతసేపయ్యాక ఆవిడే, "మీ చెల్లె ఫాల్స్ కుట్టుడు సంగతి ఏమంటవ్?" అన్నది.

"అది చూస్కుంటది తియ్," అన్నాడు తెర మీద నుంచి కన్ను తిప్పకుండా. "జర ఉండు. గీ దొంగ లంగోని సంగతి చూస్త."

ఆ తరువాత నా పని పద్ధతి మార్చుకున్నాను. ట్యాగులు వెతకడం మానేసి మేకర్లను వెతకడం మొదలుపెట్టాను. ఒక మనిషికి ఒక లెవెల్ కుదిరితే దాని మేకర్ ఎవరివి మెచ్చుకున్నాడో ఆ ఆటలోనే కనపడుతుంది. వాళ్ళవి తెరిస్తే అదే గుణమున్న లెవెల్స్ ఇంకా దొరుకుతాయి. కప్పవాడు మెచ్చినవాళ్ళతోనే సువార్తకు ఆ ఏడు గడిచింది. కొత్తగా వచ్చినవాళ్ళను ఏది నచ్చుతుందని ఇప్పుడు అడగను. అడిగితే అందరూ మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు. సగంలో వదిలేసి లేచిపోయింది ఏదో, ఎక్కడ లేచారో అడుగుతాను. నేను పక్కన పెట్టినవి కూడా రెండు చూపిస్తాను. నా అభిరుచి మంచిదేనని నాకు ఇప్పటికీ నమ్మకం. అది నాకు మాత్రమే సరిపోయే కొలత అని తెలిసింది, అంతే. ఏ ఊరు, ఎవరింటోళ్ళు అని ఇప్పటికీ అడుగుతాను. లెవెల్ కుదిరాక అడుగుతాను.

సువార్త తనతో పనిచేసే ఇద్దరు కండక్టర్లను తీసుకొచ్చింది. దానయ్య వారం తప్పకుండా వచ్చి కప్పవాడితో తగువు పెట్టుకుని కూర్చునేవాడు. బుధవారాల్లో ఒక టీవీ చాలక రెండోది కొనాల్సి వచ్చింది. ఆ దసరాకు ముందు మా నాయనమ్మ పుట్టింటికి వెళ్ళివచ్చిన మేనా పల్లకీని, మోసే బొంగులతో సహా, హైవే మీది ఒక ఫంక్షన్ హాలు వాళ్ళకు పెళ్ళి ఫొటోల కోసం అమ్మాను.