ద్రాక్షతోటలో బాపు పేరు

గల్ఫ్ యుద్ధం ముగిశాక సౌదీలోని ధహ్రాన్‌లో ఇంజనీరుగా చేరాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే! ఆ కబురు ఎదురుగా చెప్పాలని, ఖమీస్ ముషైత్ దగ్గర బాపు పనిచేసే ద్రాక్షతోటకు వెళ్లాను.

యజమాని, ఆయన కొడుకులు పళ్లు పిండుతున్నారు. "యా హిందీ, గ్లాసులు తే!" అని బాపును కేకేశాడు యజమాని. హిందీ అంటే ఇండియా మనిషి. ఇన్నేళ్లూ బాపుకు అదే పేరు.

"రసంల చక్కెర ఏస్తరా బాపూ?"

"నీళ్లు సుత కలపరు బిడ్డా. ఇయ్యాల్నే తాగాలె. పులిసి బుడగలొస్తే హరాం, ఇగ ముట్టరు."

నా డిగ్రీ సంగతి బాపు అరబ్బీలో చెప్పాడు. యజమాని లేచి మొదటి గ్లాసు బాపుకే ఇచ్చాడు. "తీసుకో, అబూ శ్రీనివాస్!"

అబూ అంటే తండ్రి, శ్రీనివాస్ నేను. అక్కడ గౌరవించే మనిషిని కొడుకు పేరుతో పిలుస్తారు.

"నాకే పేరు వెట్టినవ్ రా!" బాపు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"తాగు బాపూ, బుడగలొస్తయి!" అన్నాను.