బాబాయిగారి గురక

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు ఆకలిగా ఉందో లేదో కూడా నాన్న చెబితేనే తెలిసేది (కొంచెం పెంచి చెబుతున్నాను, కొంచెమే). ఏ చెప్పులు కొనాలి, ఏ బస్సు ఎక్కాలి, పెరుగన్నంలో ఉప్పెంత, అన్నీ ఆయనే తేల్చేవారు. ప్రేమకి లోటు లేదు, నా బుర్రకి పని లేదు. డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నాక కూడా ఆయన పక్క సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకుని తొక్కుతూ, "స్లో చెయ్యి, హారన్ కొట్టు, ఆ గేదెని చూశావా?" అంటూనే ఉండేవారు. కారు నడిచేది పెట్రోలుతో కాదు, నాన్న గొంతుతోనని నా గట్టి నమ్మకం.

అలాంటి నేను, నా స్నేహితురాలి చిన్నాన్న కూతురి నిఖాకి ముందురోజు, వాళ్ళ కార్లో జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళాను. స్నేహితురాలి నాన్నగారిని నేను బాబాయ్ అనేదాన్ని. పేటలో బట్టల కొట్టు ఆయనది. మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక తిరుగు ప్రయాణానికి ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. కూతురికేమో రెండు చేతులకీ ఇంకా ఆరని గోరింటాకు. ఆయన తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నువ్వు తోలమ్మా."

"నేనా బాబాయ్? మా నాన్న పక్కన లేకుండా ఎప్పుడూ తోల్లేదండి."

"లైసెన్సు నీదా, మీ నాన్నదా?" అంటూ ఆయన పక్క సీటు వెనక్కి వాల్చుకున్నారు.

హైవే ఎక్కాను. ఎవరో ఒకరు "బ్రేకు" అంటారని ఎదురుచూశాను. పక్కనుంచి గురక వచ్చింది. అద్దంలో చూస్తే నా స్నేహితురాలు కూడా, గోరింటాకు అంటకుండా చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, నిద్రపోతోంది. రెండు ప్రాణాలు నా చేతుల్లో పెట్టి హాయిగా పడుకున్నారు. ముందు భయమేసింది, ఆ తర్వాత ఒళ్ళు గగుర్పొడిచింది. నేను నడుపుతుంటే మనుషులకి నిద్ర పట్టింది! నాన్న ఒక్కసారి కూడా రెప్ప వేసి ఎరుగరు. లారీ అడ్డొస్తే నేనే చూశాను, నేనే ఆగాను, నేనే దాటాను. చిల్లకల్లు దగ్గర పేటకి తిరగాలని కూడా నాకే గుర్తొచ్చింది. అంత ఆశ్చర్యం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, అదీ నామీద నాకే.

వాళ్ళింటి ముందు కారు ఆపగానే ఆయన లేచి కళ్ళు నులుముకున్నారు.

"బాగా తోలానా బాబాయ్?"

"నాకేం తెలుసమ్మా, నిద్రపోయా గదా" అంటూ దిగి, కూతుర్ని లేపి, లోపలికి వెళ్ళిపోయారు.

అంతకు మించిన మెప్పు నాకింతవరకూ దొరకలేదు. అప్పటి నేననే ఆ పిల్లని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక ఇంజను ఆపి, సీటు బెల్టు కూడా తీయకుండా చాలాసేపు అక్కడే కూర్చుంది. దిగమని ఎవరూ చెప్పలేదు మరి.