పెంచల్ మూసిన బాల్కనీలు

ఈ ఎడారి దేశంలో, ఫర్వానియా పేటలో బాల్కనీ ముచ్చట బిల్డింగ్ కట్టేవరకే. జనం దిగగానే యజమాని కన్ను దాని మీద పడుతుంది. చుట్టూ అల్యూమినియం చట్రం, అద్దాలు, లోపల రెండు మంచాలు. అంతే, ఇంకో గది తయారు!

ఆ అద్దాలు బిగించే పని పన్నెండేళ్లుగా రాజంపేట పెంచల్‌ది. బిగించాక ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. బాల్కనీ నీడ పోయి ఎండంతా అద్దం మీదే పడుతుంది. ఏసీ క్షణం ఆగకుండా తిరిగినా గది చల్లబడదు. వెనక గదిలో పట్టపగలే లైటు వేసుకోవాలి. ఎవరైనా మొత్తుకుంటే, "నాదేముండాది, చెప్పిన పని చేస్తాండా" అని చేతులు దులుపుకునేవాడు.

ఈ వేసవిలో అతను అద్దెకుండే ఇంటి బాల్కనీకే యజమాని ఎసరు పెట్టాడు. భార్య పుష్పలత అక్కడి వెలుతురులోనే జాకెట్లు కుడుతుంది. చీకట్లో కుడితే చూపు దెబ్బతింటుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. పెంచల్ పడమటి వైపు తడకలు కట్టి, ఎండను ఆపి, వెలుతురును రానిచ్చాడు. అలాంటి చోటును మూయమని తను పనిచేసే షాపుకే ఆర్డరొచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. తన ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, ఆ షాపు మీదే ఉందని కూడా చూడకుండా, మేనేజరు ముందే కొలత టేపు విసిరికొట్టి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే తోటి పనివాడు జిలానీ బాషా సామాన్లతో దిగాడు. పెంచల్ బాల్కనీకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"కొలత పెట్టు చూద్దాం!"

"నా మింద అరిస్తే ఏమొస్తాదన్నా? నేను గాకుంటే ఇంకొకడొస్తాడు."

"రానీ, కాళ్లిరగ్గొడతా! ఈమె కండ్లు పోతే మీ మేనేజరు తెచ్చిస్తాడా? దొంగనాయాళ్లు!"

జిలానీ తల ఎత్తలేదు. "మరి బుడేన్‌బీ కండ్లు?"

పెంచల్ చూపు పుష్పలత మిషన్ మీదికి పోయింది.

"పోయిన నెల ఖైతాన్‌లో బాల్కనీ మూసేటప్పుడు ఆయక్క గూడా మిషన్ కాడ్నుంచి లేయనని ఏడ్సె. మిషన్‌ను నువ్వొక పక్క, నేనొక పక్క పట్టుకుని లోపలికి జరిపితిమి గదా."

పుష్పలత కుట్టడం ఆపి మొగుడి వైపు చూసింది. సిగ్గుతో పెంచల్ మొహం నల్లబడింది. కోపం మాత్రం చల్లారలేదు. లేచి జిలానీ చేతిలోని డ్రిల్లు లాక్కున్నాడు.

"పా, ఖైతాన్‌కు పోదాం. ముందు ఆయమ్మ బాల్కనీ అద్దాలు ఇప్పాల. ఆ తర్వాత ఈడికెవడొస్తాడో చూస్తా."

"పని పోతాదన్నా!"

"పోనీ."

పుష్పలత అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "నేనూ వస్తా. మిషన్‌ను ఒక పక్క నేను పట్టుకుంటా."