గోడ మీద చుక్కలు, బావిలో నీళ్లు

మొన్న అనంతపురం పాతూరులో తాళ్లూ చాటలూ అమ్మే అంగడి ముందు నిలబడి ఉండగా, అంగడాయన కిత్తనార తాళ్ల చుట్ట మీద నీళ్లు చిలకరించాడు. తడిసిన నార నుంచి లేచిన ఆ పచ్చి, పులుపు వాసన ముక్కుకు తగలగానే మా ఊరి చేదబావి, కీచుమనే దాని గిలక, లెక్కల అయ్యవారు, షరీఫా అందరూ ఒక్కసారిగా గుర్తుకొచ్చారు.

గుమ్మఘట్టకు కాస్త ఎడంగా, తెలుగూ కన్నడమూ ఒకే నోట వినబడే ఊరు మాది. అరవైల మొదట్లో నేనూ, ఊళ్లో బట్టలు కుట్టే ఖాసీం సాబు కూతురు షరీఫా రోజూ పొద్దున్నే సంగటి ముద్దలో చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, నంజుకు తిని, ఎండిన వంకలు దాటుకుంటూ, దారిలో బలుసుపండ్లు దొరికితే ఒళ్లో నింపుకుంటూ, పక్క ఊరి హైస్కూలుకు నడిచేవాళ్లం. ఐదో ఫారంలోకి, అంటే ఇప్పటి పదో తరగతిలోకి, వచ్చాక సులువైన జనరల్ లెక్కలా, బీజగణితం కలిసిన కాంపోజిట్ లెక్కలా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. ఆడపిల్లలు జనరల్ తీసుకోవడం మామూలు. మేమిద్దరం మాత్రం కాంపోజిట్ క్లాసులో వెనక బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాం. అందులో ధైర్యమేమీ లేదు. ఎక్స్ అని రాసి, అదేమిటో తెలియకుండానే దానితో కూడికలూ తీసివేతలూ చేస్తారని విని, ఆ విడ్డూరమేమిటో చూద్దామని వెళ్లామంతే.

లెక్కల అయ్యవారిది చిత్రదుర్గం వైపు. కోటు జేబుల్లో సుద్దముక్కలు, వాటితోపాటు నశ్యం డబ్బీ. ఏ జేబులో చెయ్యి పెట్టినా వేళ్లు తెల్లగానే బయటికొచ్చేవి. జవాబు సరిగ్గా చెప్పినా ఆయన ఊరుకునేవారు కాదు. "యాకమ్మా?" అనేవారు. ఎందుకమ్మా అని. తప్పు చెప్పినవాళ్లనూ అదే అడిగేవారు. ఒకరోజు పైనుంచి పడే వస్తువుల లెక్క చెప్పారు. సెకన్ల వర్గాన్ని పదహారుతో గుణిస్తే ఎన్ని అడుగులు పడిందో వస్తుందన్నారు. గడియారం లేనివాళ్లు జానెడు కంటే కాస్త పొడుగు దారానికి రాయి కట్టి ఊపితే, ఒక్కో ఊపు అర సెకను అవుతుందన్నారు. "బోర్డు మీద చేసేది సగం లెక్కే. మిగతాది బయట ఉండాది, పోయి తెచ్చుకోండి" అని పంపేశారు.

ఆ సాయంత్రమే షరీఫా దారం ఊపుతూ ఉంటే నేను చేదబావిలోకి రాయి వదిలాను. బుడుంగుమనే చప్పుడు కోసం ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. రెండోసారి వేశాం, మూడోసారి వేశాం. నాలుగో రాయి వేసేసరికి బిందె చంకన పెట్టుకుని మా అవ్వ వచ్చింది.

"ఏమే, తాగే నీళ్లల్లో రాళ్లేస్తాండారు?"

"లెక్క కోసమవ్వా."

"బాయిలో లెక్క యాడుందే? పోయిన జన్మలో కోతులైనట్లుండారు!"

రాయి చెప్పిన లోతుకూ, తాడు వేసి కొలిచిన లోతుకూ రెండు మూడు అడుగుల తేడా వచ్చింది. అవ్వ భయం కూడా తోడై, రాళ్లు మానేసి కిత్తనార తాడుకే అడుగడుగుకూ ముడులు వేసుకున్నాం. ప్రతి శుక్రవారం తాడు వదిలి, నీళ్లెంత కిందికి పోయాయో చూసి, మా కొట్టం సున్నపు గోడ మీద బొగ్గుతో ఒక చుక్క పెట్టేవాళ్లం. కాగితం మీద వేసే గ్రాఫు గోడంత పెద్దదైతే ఎలా ఉంటుందో చూడాలన్న సరదా తప్ప అప్పటికి మాకు వేరే ఉద్దేశం లేదు.

ఆ ఏడు తొలకరిలో రావాల్సిన ముంగారు వానలు మొహం చాటేశాయి. చెనిక్కాయ చెట్లు ఊడలు దిగకముందే వాడిపోయాయి. దసరాకు గోధుమ పాయసం బదులు కొర్ర పాయసంతో సరిపెట్టుకున్నాం. దీపావళి దాటేసరికి గాలిలో ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేదు. మా వైపు బావి ఎండితే మొదట బడి మానేది ఆడపిల్లలే. దూరపు చెలమల నుంచి నీళ్లు మోయడానికి ఇంటికొక మనిషి కావాలి మరి. ఆ సంగతి మాకిద్దరికీ తెలుసు. అందుకే సంక్రాంతి లోపలే చుక్కలన్నీ కలిపి గీత గీసి, దాన్ని బావి అడుగు దాకా పొడిగించి చూశాం. నాయన ఎద్దులకు చొప్ప వేస్తూ ఆగాడు.

"ఏందిమ్మా ఈ గీత?"

"నీళ్లు ఎప్పుడైపోతాయో చెప్తాది నాయనా. ఉగాది దాటినాక నెల కూడా ఉండవు."

నాయన నవ్వలేదు. ఆ గీతను కొసదాకా వేలితో తడిమి, మళ్లీ పనిలో పడ్డాడు.

తర్వాత రెండు మూడు వారాలకు చుక్కలు మా మాట వినడం మానేశాయి. గీతను వదిలేసి కిందికి జారిపోసాగాయి. కొలతలో పొరపాటేమోనని షరీఫా మళ్లీ తాడు వేసింది. పొరపాటు లేదు. అయ్యవారికి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. "యాకమ్మా? గోడను అడగొద్దు, బావిని అడుగు" అన్నారు.

ఆదివారం ఎండ నడినెత్తికొచ్చి, వెలుగు లోపలిదాకా దిగే వేళకు ఇద్దరం బావి ఒర మీద బోర్లా పడుకుని చూశాం. ఎన్నేళ్లుగానో నీళ్లు తోడుకుంటున్న బావిని మేం ఎన్నడూ సరిగ్గా చూడనేలేదని అప్పుడు తెలిసింది. రాతికట్టు వరసవరసకూ లోపలికి జరుగుతూ పోయింది. కిందికి పోయేకొద్దీ బావి గరాటులాగా సన్నబడింది. పైన బిందెకు వెంట్రుకవాసి దిగిన నీళ్లు అక్కడ వేలెడు దిగుతాయి. తోడే బిందెలు అవే, దిగే వేగం వేరు. గీత వంగాల్సిందే! నాకు ఒళ్లు జలదరించింది. భయంతో కాదు, ఆ వంపు అర్థమైన సంతోషంతో. భయం ఇంటికొచ్చాక వేసింది. ఉగాది దాకా కూడా నీళ్లు ఆగవు.

నాయన ఆ సాయంత్రమే మమ్మల్ని ఊరిపెద్ద తిప్పేస్వామప్ప దగ్గరకు తీసుకుపోయాడు. చేదబావి పూడిక ఇప్పుడే తీస్తే, చేల దగ్గరి మోటబావిలో ఇంకా నీళ్లున్నాయి కాబట్టి ఆ నాలుగు దినాలూ ఊరు గడుస్తుందని, ఎండలు ముదిరాక అదీ ఎండుతుందని నాయన వాదన.

"ఏమప్పా, మా తాతల కాలం నుంచి ఉండాది బాయి. పిల్లలు గోడ మీద గీతలు గీస్తే ఎండుతాదా?" అన్నాడు పెద్దాయన.

నేను నోరు విప్పకముందే షరీఫా అంది: "గీత వద్దు తాతా. రేపు మద్దేనం వచ్చి బాయిలోకి చూడు, చాలు."

ఆయన వచ్చాడు. తలపాగా తీసి పక్కన పెట్టి, ఒర మీద వంగి చాలాసేపు చూశాడు. లేచి మోకాళ్లు దులుపుకుని, "ఎల్లుండి తట్టలు తీసుకొని రాండప్పా" అని ఊరికి చాటించాడు.

పూడిక తీస్తుంటే ఊరంతా తిరునాళ్లలాగా చేరింది. నల్లటి బురద తట్టల్లో సొట్టపోయిన చెంబులూ, తెగిన చేదలూ, ఎవరిదో వెండి కాలిగొలుసూ, మేం వేసిన రాళ్లూ పైకి వచ్చాయి. "ఇవిగోనే మీ లెక్కలు!" అని అవ్వ వాటిని మా కాళ్ల దగ్గర పోసింది. అడుగున బండ చీలికను గడ్డపారలతో పెద్దది చేసేసరికి సన్నగా ఊట మొదలైంది. ఆ ఎండాకాలం మోటబావి నిజంగానే ఎండింది. చేదబావిలో బిందె బిందెకూ కూర్చుని ఎదురుచూడాల్సి వచ్చేది కానీ, వానలు పడేదాకా నీళ్లు ఆగాయి. మేం చదువు ఆపలేదు. మరుసటేడు ఇద్దరం ఎస్.ఎస్.ఎల్.సి. రాశాం. షరీఫా తాడిపత్రిలో టీచరైంది. నేను అనంతపురంలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను.

పోయిన ఎండాకాలం ఇద్దరం కలిసి ఊరికి వెళ్లాం. చేదబావిని మట్టితో పూడ్చి, పైన సిమెంటు పరిచి ట్రాక్టర్లు నిలుపుకుంటున్నారు. మా కొట్టమూ లేదు, ఆ గోడా లేదు. ఊరి చివర బోరు దగ్గర మోటారు వేస్తున్న ఆయన్ను, నీళ్లెంత లోతులో ఉన్నాయని అడిగాను.

"ఏమోమ్మా. స్విచ్చేస్తే వస్తాండాయి. రాకపోతే ఇంకొక బోరేస్తారు."

షరీఫా నా వైపు చూసింది. ఆమె పెదవుల మీదికి అయ్యవారి మాటే వచ్చి ఆగిందని నాకు తెలుసు. కానీ, "ఎందుకు?" అని అడిగితే ఆ ఊళ్లో ఎవరు ఎక్కడికి వంగి చూడాలో మా ఇద్దరికీ తోచలేదు.