రక్తం తీయని సోమవారం

మార్చి రెండో వారం. ఉదయం ఏడుంపావుకి పొదిలి బస్టాండులో దిగాను. భుజాన సైన్యం నాటి ఆకుపచ్చ సంచి. అందులో రెండు జతల బట్టలు, టార్చి, మాస్కుల పెట్టె. పద్దెనిమిదేళ్లు మిలటరీలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి వచ్చాను. ఇది కాంట్రాక్టు ఉద్యోగం. మామూలు మందులకు లొంగని క్షయ ఉన్నవాళ్లకి ఇంటికెళ్లి సూది వెయ్యాలి. ఇప్పుడు ఆ సూది తీసేశారు, మాత్రలే. అప్పట్లో ఉండేది.

మా ఊళ్లో అందరూ సరిహద్దు కబుర్లే అడుగుతారు. నేను మర్చిపోలేనిది ఈ మూడు నెలల డ్యూటీ.

పొదిలి ఆసుపత్రిలో డాక్టరుగారు నిలబడే ఆర్డర్లు చెప్పారు.

"రోజూ ఏడున్నరకి సూది. ఆదివారం సెలవు. నెలలో మొదటి సోమవారం రక్తం తియ్యాలి. ఈ మందు కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. ఒంట్లో లవణాలన్నీ మూత్రంలో పోతాయి. పైకి తెలీదు, రక్తం చూస్తేనే తెలుస్తుంది. అర్థమైందా?"

"యస్ సార్."

పొదిలికి పన్నెండు కిలోమీటర్లలో నా పేషెంటు ఊరు. దారికి రెండు వైపులా మిరప కల్లాలు. మాస్కు ఉన్నా ఘాటుకి తుమ్ములు ఆగేవి కావు. మస్తాన్ వలీకి నలభై రెండేళ్లు. దూదేకులవాళ్లు. పరుపులు కుట్టేవాడు. తూకం నలభై ఒక్క కిలోలు. భార్య నాగూర్‌బీ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేది. నన్ను చూడగానే మంచం మీంచి లేవబోయాడు.

"కూర్చో మస్తానూ."

"మిలట్రీ వాళ్ల ముందు కూర్చోవచ్చా అన్నా?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

ఏప్రిల్‌లో రక్తం తీశాను. రిపోర్టు బాగుంది. దగ్గు కూడా తగ్గుతోంది. పరుపు ఒకటి కుట్టడానికి ఒప్పుకున్నానన్నాడు.

మే నెల మొదటి సోమవారం. ఎండ ఉదయానికే మాడ్చేస్తోంది. రెండు రోజులుగా వాంతులట. నా చేతిలో ట్యూబు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇవాళ వద్దన్నా. ఉన్న రక్తమే ఇంత. అదీ తీస్తే పడిపోతాను."

"వచ్చే వారం తీద్దురులే అన్నా, కాస్త కోలుకోనీండి" అంది నాగూర్‌బీ.

జాలేసింది. సరేనన్నాను. సూది మాత్రం వేశాను.

గురువారం అతని పిక్కలు పట్టేశాయి. వేళ్లు ముడుచుకుపోయి ఎంతకీ తెరుచుకోలేదు. నాకు రాజస్థాన్ ఎడారి గుర్తొచ్చింది. అక్కడ ఎండకి జవాన్లకి ఇలాగే అయ్యేది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగిస్తే లేచేవాళ్లు. ఇతనికీ అదే తాగించాను. ఎండ వల్లే అని ధైర్యం చెప్పాను.

"రెండు రోజులు సూది ఆపన్నా. కాళ్లు నావి కావనిపిస్తున్నాయి" అన్నాడు శుక్రవారం.

"ఆపకూడదు మస్తానూ. ఆర్డరు."

తలూపాడు. శుక్రవారం వేశాను. శనివారం వేశాను.

సోమవారం ఏడూ ఇరవైకి వెళ్లేసరికి తల ఎత్తలేకపోతున్నాడు. రాత్రంతా ఒంటికి పోతూనే ఉన్నాడని చెప్పింది నాగూర్‌బీ. డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"ఆఖరిసారి రక్తం ఎప్పుడు తీశావు?"

"ఏప్రిల్‌లో సార్."



"సూది వెయ్యకు. అంబులెన్స్ ఎక్కించి గుంటూరు తీసుకెళ్లు. ఇప్పుడే."

మూడు గంటల ప్రయాణం. గుంటూరులో డ్యూటీ డాక్టరు రిపోర్టు నా ముందు పెట్టింది. కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండాలి, నాలుగు దాటింది. పొటాషియం మూడున్నరకి తగ్గకూడదు, రెండు కూడా లేదు.

"గుండె కొట్టుకోడానికి కావాల్సిన లవణమండీ అది. తొందరగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది. ఎక్కించకపోయినా ఆగుతుంది. కిడ్నీలు చూస్తే ఇలా ఉన్నాయి" అందావిడ.

బుధవారం పదకొండింటికి ఆగింది.

ఖననం అయ్యాక నాగూర్‌బీ నా దగ్గరికొచ్చింది. "మా సొంతవాళ్లే గుమ్మం తొక్కలేదన్నా. మీరు ఒక్క రోజు కూడా మానకుండా వచ్చారు" అంది. చెప్పాల్సింది అప్పుడే.  నా సూదే అతని ప్రాణం తీసిందని ఈ రోజు వరకూ ఆవిడకి తెలియదు.

శనివారం అతని కఫం రిపోర్టు వచ్చింది. క్షయ క్రిమి లేదు.

డాక్టరుగారి ముందు తప్పు ఒప్పుకున్నాను. రాసిమ్మన్నారు, రాసిచ్చాను. జూన్ మొదట్లో మందుల పెట్టె అప్పగించి బస్సెక్కాను. సత్తెనపల్లి దాటాక చేలల్లో పత్తి గింజలు వేస్తున్నారు. మా ఊళ్లో దిగితే టీ కొట్టు దగ్గర ఎవరో సెల్యూట్ కొట్టారు. తిరిగి కొట్టలేకపోయాను.

నాకు కనపడేది చావు కాదు. దానికి ముందురోజు. మంగళవారం, గుంటూరు ఆసుపత్రిలో నేను మంచం దగ్గరికెళ్లాను. నా చేతులు ఖాళీ. కళ్లు సగం తెరిచి నన్ను పోల్చుకున్నాడు. ఏమీ అడగలేదు. ఇనుప కడ్డీ పట్టుకుని, రొప్పుతూ, కాళ్లు ఈడ్చుకుంటూ మెల్లగా గోడవైపు ఒత్తిగిల్లాడు. లుంగీ కొంచెం కిందికి జరిపి, సూది కోసం కదలకుండా పడుకున్నాడు.