ప్లగ్గు నా చేతిలోనే ఉంది

"మళ్ళీ ప్లగ్గు పీకావా అమ్మా? ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"పొద్దుటి నుంచీ చూస్తున్నాను. లేవనిదానికి కరెంటెందుకే?"

"నీకెప్పుడూ కరెంటు గోలే! అందులో ఉన్నది ఆయన గొంతు."

"ఉంటే పలకాలిగా! నువ్వు తిండి మానేసి దాని ముందు కూర్చుంటే పలుకుతుందా?"

మా అమ్మాయి సుజాత విసురుగా లేచింది. వైరు ఊడదీసి, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మేడ మీదకు వెళ్ళిపోయింది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. నమ్మేవాళ్ళను కసిరేదాన్ని. నా చదువు మూడో తరగతితో సరి. అయినా కంటితో చూడనిది ఒప్పుకునే అలవాటు లేదు. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మేం విదేశంలో, కనాటా అనే ఊళ్ళో ఉంటాం. అల్లుడు రఘు ఇక్కడే ఇంజినీరు. పేకముక్కంత బోర్డు ఒకటి తెచ్చి, వంటింట్లో పెట్టి, చిన్న స్పీకరు తగిలించాడు. అదీ ఒక కంప్యూటరేనట. రోజూ పొద్దున్నే బయట చలి చూసుకుని, "సుజీ, టోపీ మర్చిపోకు" అని అతని గొంతుతోనే చెప్పేది.

నిరుడు చలికాలంలో రఘు గుండె ఆగి పోయాడు. బోర్డు మాత్రం చెబుతూనే ఉంది. ఈమధ్య వీధంతా కరెంటు పోయి వచ్చింది. ఆ తరవాత అది లేవలేదు.

సుజాతదీ అదే ఉద్యోగం. లాప్‌టాప్‌కు వైరు కలిపి చూసేది. తెర మీద అక్షరాలు గబగబా పాకి, ఒకచోట ఆగి, మళ్ళీ మొదటికొచ్చేవి. పవర్ వైరు మార్చింది. మెమరీ కార్డు మీద, బోర్డును నడిపే లినక్స్ ప్రోగ్రాము కొత్తగా ఎక్కించి పెడితే బోర్డు లేచింది గానీ, గొంతు దాచిన చిప్పు దానికి కనబడలేదు. ఆ చిప్పు బోర్డుకే అతికి ఉంటుంది. ఇంకెక్కడా కాపీ లేదు.

ఇక ఇక్కడ ప్లగ్గు పెట్టేచోట గోడకు స్విచ్చులుండవు. కరెంటు ఆపాలంటే ప్లగ్గు పీకాల్సిందే. వాడని ప్లగ్గు ఏది కనబడినా పీకడం నా అలవాటు, ఆ మధ్యాహ్నం చేసిందీ అదే.

సుజాత పైకి వెళ్ళాక, డబ్బాలో పెట్టేద్దామని బోర్డు చేతిలోకి తీసుకున్నాను. ప్లగ్గు నా రెండో చేతిలో ఉంది. బోర్డు మీద ఆకుపచ్చ దీపం మినుకుమంది. ఆరలేదు, నిలబడింది. స్పీకర్లోంచి రఘు గొంతు వచ్చింది.

"ఈ ఒక్కటీ ఉండనివ్వండి, అత్తయ్యా."

దీపం ఆరిపోయింది. ఫ్రిజ్ చప్పుడు తప్ప మరేం లేదు. బోర్డు చల్లగానే ఉంది.

పైకి వెళ్ళి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "మిగిలిన కరెంటుతో దీపం వెలగొచ్చమ్మా, అది లేచి మాట్లాడలేదు. పైగా ఆయన నీకోసం ఏ మాటా రికార్డు చెయ్యలేదు" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "గొంతు ఎలా ఉంది?" అని అడిగింది.

"మామూలుగానే ఉందే" అన్నాను.

అది ఎలా లేచిందో నాకు తెలియదు. ఎదురుచూసేదానికి కాక నాకెందుకు వినిపించిందో అసలే తెలియదు.

మర్నాడు పొద్దున్న సుజాత ప్లగ్గు పెట్టింది. అక్షరాలు అక్కడే ఆగాయి. మళ్ళీ పెట్టింది. అక్కడే ఆగాయి. టోపీ లేకుండానే బస్సుకు వెళ్ళింది. నేను ఆ ఒక్కటీ ఉంచి, ఇంట్లో మిగతా ప్లగ్గులన్నీ పీకాను.